చలికాలపు స్టీల్‌హెడ్ వేటకు నది నాడి పట్టడం ఎలా

గోదావరి వరద వార్తలు వింటూ పెరిగినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక. ఒకటి నీటిమట్టం, రెండోది ప్రవాహం. సియాటిల్ పక్కనున్న స్కైకోమిష్ నదికైనా, ఒరెగాన్ తీరంలోని విల్సన్ నదికైనా చూడాల్సినవి ఆ రెండు అంకెలే. అమెరికా భూగర్భ సర్వే (యూఎస్‌జీఎస్) నదుల మీద పెట్టిన గేజీలు, అంటే కొలిచే పరికరాలు, వీటిని సాధారణంగా 15 నిమిషాలకోసారి నమోదు చేస్తాయి, ఫోన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. క్యూసెక్కు అక్కడా ఇక్కడా ఒకటే: సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే దాదాపు 28.3 లీటర్లు.

చేప కూడా మనకు మరీ కొత్తది కాదు. పులస సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చినట్టే, స్టీల్‌హెడ్ పసిఫిక్ నుంచి గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తుంది. జాతికి రెయిన్‌బో ట్రౌటే. సముద్రంలో పెరిగి రావడం వల్ల ఒళ్లు వెండిలా మెరుస్తుంది, బరువు మామూలుగా 6 నుంచి 12 పౌన్లు ఉంటుంది. తేడా అంతా పట్టే తీరులో ఉంది. పులసకు ఎర్రనీటిలోనే వల వేస్తారు. గాలానికి ఆ వీలు లేదు, చేప ఎరను చూడాలి. నీరు మరీ బురదగా ఉంటే చూడదు, మరీ తేటగా ఉంటే మిమ్మల్ని చూసి బెదురుతుంది. ఈ రెంటి మధ్యా వరద తీసే రెండు మూడు రోజులు దొరుకుతాయి. వాటి కోసమే కాపు కాయాలి.

సియాటిల్ శివార్లైన రెడ్‌మండ్, బాతెల్ వైపు నుంచి స్టీల్‌హెడ్ నదుల మధ్యనున్న ఫోర్క్స్ ఊరికి నాలుగు గంటల ప్రయాణం. శనివారం సెలవు కాబట్టి శనివారం బయల్దేరడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. నది మీ సెలవు చూసి తేరుకోదు. కింద చెప్పినవన్నీ ఇంట్లో కూర్చుని పావుగంటలో చూసుకోగలిగినవే, ఒడ్డున చేసే కొలతలు తప్ప.

1. ముందు నది తెరిచి ఉందో లేదో చూడండి

గేజీ ఎంత అందంగా ఉన్నా నది మూసి ఉంటే చేసేదేం లేదు. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లోకి వచ్చే నదుల స్టీల్‌హెడ్‌ను 2007లో ఫెడరల్ ప్రభుత్వం ముప్పులో ఉన్న జాబితాలో చేర్చింది. అందుకే అక్కడి నదులను చలికాలం మధ్యలోనే మూసేస్తుంటారు. వాషింగ్టన్‌లో సీజన్ నడుస్తుండగానే అత్యవసర నిబంధనలు వస్తాయి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పేజీలో మీ నది పేరు వెతికి చూడండి, వారం కిందట చూసింది పనికిరాదు. లైసెన్సుతో పాటు స్టీల్‌హెడ్ నమోదు చేసే క్యాచ్ రికార్డ్ కార్డు కూడా ఉండాలి. వాషింగ్టన్ లైసెన్సు ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలో పాత లైసెన్సుతో దొరికిపోయేవాళ్లు ఈ సంగతి మరిచిపోయినవాళ్లే.

హేచరీలో పెంచి వదిలిన చేపకు తోక ముందర వీపు మీద ఉండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటుంది. ఆ రెక్క ఉన్నది సహజంగా పుట్టిన చేప. అలా వదిలేయాల్సిన చేపను నీటి పైకి పూర్తిగా ఎత్తకూడదు. ఫోటో కోసం కూడా వద్దు, వాషింగ్టన్‌లో అది చట్టవిరుద్ధం. హేచరీ చేపల్లో ముందుగా వచ్చే రకం డిసెంబరు, జనవరిలో వస్తుంది. సహజ చేపలు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి. మీ నెలను బట్టి ఏ నదికి వెళ్లాలో అక్కడే సగం తేలిపోతుంది.

2. మీ నది స్వభావం ఏమిటి?

ఒకే వాన పక్కపక్కనున్న రెండు నదుల మీద వేర్వేరుగా పనిచేస్తుంది. కారణం మట్టిలో ఉంది. ఇసుక నీళ్లలో పడితే గంటల్లో మునుగుతుంది. బంకమట్టి రేణువులు రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. మన ఊళ్లలో కొత్తనీటి కుండలో చిల్లగింజ అరగదీసింది ఆ రేణువులను కలిపి కిందకు దించడానికే. నదికి చిల్లగింజ లేదు, కాలమే దిక్కు. కాబట్టి నది ఏ నేల మీదుగా వస్తుందో తెలుసుకుంటే ఎన్ని రోజులు ఆగాలో తెలుస్తుంది.

ఒలింపిక్ ద్వీపకల్పంలో ఫోర్క్స్ చుట్టూ ఉన్న నదులు దీనికి చక్కటి ఉదాహరణ. సోల్ డక్ రాతి నేల మీద, గట్టి అడవి ఒడ్ల మధ్య పారుతుంది, అందరికన్నా ముందు తేరుకుంటుంది. తర్వాత కలావా. బోగచీల్ ఒడ్లలో బంకమట్టి ఎక్కువ, అది ఇంకాస్త ఆలస్యం. హో నది అందరికన్నా ఆఖరు. ఒలింపస్ పర్వతం మీది హిమానీనదాలు నూరిన రాతిపిండి దాన్లో ఉంటుంది, పైగా గులకరాళ్ల మేటలు కోసుకుంటూ పాయలు మార్చుకునే నది. ఏడాదికి 140 అంగుళాలకు అటూ ఇటూ వాన పడే లోయ అది. కానీ హోకు ఒక మంచి గుణం ఉంది. గట్టి చలి పట్టి కొండ మీద కరగడం ఆగితే, మిగతా నదులు చిక్కిపోయి గాజులా తేటబడిన రోజుల్లో కూడా హోలో తగినంత నీరు, తగినంత రంగు మిగులుతాయి. అందుకే ఫోర్క్స్ వెళ్లేవాళ్లు ఒకే నదిని మనసులో పెట్టుకుని వెళ్లరు. వాన తర్వాత రెండో రోజైతే సోల్ డక్, వారం రోజులు వాన లేకపోతే హో.

ఒరెగాన్ తీరంలో టిలమూక్ చుట్టూ కూడా ఇలాగే వరుస ఉంది. కిల్చిస్ చిన్నది, నిటారు కొండల నుంచి దిగుతుంది, ఒక రోజులోనే దారికి వస్తుంది. ట్రాస్క్, విల్సన్, నెస్టక్కా తర్వాతవి. నెహేలమ్ పొడవైనది, మెల్లగా తిరుగుతూ వచ్చేది, పెద్ద వాన తర్వాత దానికి వారం పట్టినా ఆశ్చర్యం లేదు. పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బోరో, బీవర్టన్ నుంచి వెళ్లేవాళ్లు ఈ వరుస గుర్తుపెట్టుకుంటే వృథా ప్రయాణాలు చాలా తప్పుతాయి.

ఆనకట్టల కింది నదుల లెక్క వేరు. కౌలిట్జ్ నదిలో మేఫీల్డ్ డ్యామ్ కింద నీరు డ్యామ్ గేట్ల మాట వింటుంది, వాన మాట తక్కువ వింటుంది. చుట్టుపక్కల నదులన్నీ పోటెత్తినప్పుడు ఇది ఆదుకుంటుంది. అయితే దిగువన టూటిల్ నది కలిసే చోటు దాటాక పనికిరాదు. 1980లో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద, ఒండ్రు ఇప్పటికీ టూటిల్ మోసుకొస్తూనే ఉంది. స్కాజిట్ నది కూడా అంతే: రాస్, డియాబ్లో, గోర్జ్ డ్యామ్‌ల వల్ల పైభాగం తేటగా ఉంటుంది, సాక్ నది కలిశాక రంగు మారుతుంది. ఒక నది పేరు మీద రెండు నదులున్నాయనుకోండి.

3. రెండు రోజుల ముందు: ఎంత వాన, ఎంత ఎత్తు దాకా వాన

చాలామంది వాన ఎన్ని అంగుళాలో చూసి ఆగిపోతారు. అంతకన్నా ముఖ్యమైనది గడ్డకట్టే ఎత్తు, అంటే గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగే ఎత్తు. నేషనల్ వెదర్ సర్వీస్ సూచనల్లో ఇది అడుగుల్లో ఉంటుంది. మంచు సాధారణంగా ఆ గీతకు మరో 1,000 అడుగుల కింది దాకా కరగకుండా పడుతుంది.

లెక్క ఇలా వేయండి. స్కైకోమిష్ నీళ్లు స్టీవెన్స్ పాస్ వైపు కొండల నుంచి వస్తాయి, ఆ కనుమ ఎత్తు 4,061 అడుగులు. గడ్డకట్టే ఎత్తు 2,500 అడుగులు ఉంటే పైకొండల్లో పడిందంతా మంచుగా నిలిచిపోతుంది, నదికి చేరదు. అంగుళంన్నర వాన అని సూచన ఉన్నా నది కాస్త లేచి సర్దుకుంటుంది. అదే వాన 7,000 అడుగుల గడ్డకట్టే ఎత్తుతో వస్తే లోయ మొత్తం నీరే, దానికి తోడు పాత మంచు కూడా కరుగుతుంది. హవాయి వైపు నుంచి వచ్చే వెచ్చటి తేమగాలిని అక్కడివాళ్లు పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు. ఆ మాట వినిపిస్తే ఆ వారం నదుల ఆశ వదులుకోండి. మామూలుగా కొన్ని వేల క్యూసెక్కులు పారే స్కైకోమిష్ అలాంటి వానలకు 50 వేలు దాటిన సందర్భాలున్నాయి.

నేల సంగతి కూడా చూడాలి. నవంబరు మొదటి వానలను ఎండిన అడవి తాగేస్తుంది. జనవరికి నేల నాని ఉంటుంది, అప్పుడు 24 గంటల్లో పడే అంగుళం వాన దాదాపు నేరుగా నదిలోకే వస్తుంది. నేల నానాక అర అంగుళం లోపు వానను పట్టించుకోవద్దు, అంగుళం దాటితే ప్రణాళిక మార్చుకోండి. చిన్న నదులకు ఇది ఓ మోస్తరు నమ్మదగిన కొలమానం.

పోర్ట్‌లాండ్‌లోని నార్త్‌వెస్ట్ రివర్ ఫోర్‌కాస్ట్ సెంటర్ చాలా నదులకు రాబోయే 10 రోజుల ప్రవాహం అంచనా వేసి గ్రాఫ్ ఇస్తుంది. మొదటి రెండు మూడు రోజుల అంచనాను బాగానే నమ్మొచ్చు. వారం తర్వాతి శిఖరాన్ని చూసి సెలవు పెట్టకండి, వాన 6 గంటలు ఆలస్యమైనా ఆ గీత అంతా జరిగిపోతుంది.

4. గ్రాఫ్‌లో అంకె కన్నా వాలు చూడండి

ఇక్కడ తొందరపడొద్దు, వేట జయాపజయాలు ఎక్కువగా ఇక్కడే తేలతాయి.

గేజీ పేజీ తెరవగానే గత 7 రోజుల గ్రాఫ్ కనిపిస్తుంది. దాన్ని 14 లేదా 30 రోజులకు మార్చండి. ఇప్పటి ప్రవాహం 3,500 క్యూసెక్కులు అనుకుందాం. నది 9,000 నుంచి దిగుతూ 3,500 దగ్గరున్నా, 2,000 నుంచి ఎక్కుతూ 3,500 దగ్గరున్నా అంకె ఒకటే. చేపకు మాత్రం రెండూ వేర్వేరు నదులు. ఎక్కే నీటిలో ఆకులు, కొమ్మలు, ఒడ్ల మట్టి కొట్టుకొస్తాయి, చేప అంచులకు జరిగి దాక్కుంటుంది లేదా ఆగకుండా పైకి సాగుతుంది. దిగే నీటిలో మట్టి మునుగుతుంది, ప్రయాణం చేసిన చేప ఒక చోట ఆగి సేద తీరుతుంది. ఆగిన చేపే ఎర అందుకుంటుంది.

తగ్గే వేగాన్ని రోజు లెక్కన కొలవండి. ఉదాహరణకు ఒక నది ఇలా ఉంది:

శనివారం రాత్రి శిఖరం 9,000 క్యూసెక్కులు
ఆదివారం రాత్రి 6,000
సోమవారం రాత్రి 4,200
మంగళవారం రాత్రి 3,300
బుధవారం రాత్రి 2,900

మొదటి రోజు మూడో వంతు పోయింది, రెండో రోజు 30 శాతం, మూడో రోజు 21 శాతం, నాలుగో రోజు 12 శాతం. రోజుకు 30 శాతం తగ్గేటప్పుడు నీరు ఇంకా కాఫీ రంగులోనే ఉంటుంది. 25 శాతం లోపుకు వచ్చాక తేరుకోవడం మొదలవుతుంది. ఈ నదికి మంగళవారం మధ్యాహ్నం నుంచి గురువారం దాకా మంచి కాలం. ఆ తర్వాత 10 శాతం కన్నా తక్కువగా తగ్గుతూ పోతే నది స్థిరపడినట్టు. పట్టొచ్చు, కానీ చేపలు అలవాటుపడి జాగ్రత్తపడతాయి, జనం కూడా పెరుగుతారు. సోమవారమే వెళ్లాలంటే ఇదే నదికి ఎగువన, ఉపనదులు కలవకముందు ఉన్న భాగానికి వెళ్లండి. పైభాగం ఎప్పుడూ ముందు తేరుకుంటుంది. కొత్త చేప మాత్రం దిగువ నుంచే వస్తుంది కాబట్టి నీరు బాగుపడేకొద్దీ మీరు కిందకు జరగాలి.

గీత ఆకారం కూడా మాట్లాడుతుంది. కోసుగా లేచి మెల్లగా వాలితే అది వాన. మెట్లలా చదునుగా, నిటారుగా మారితే డ్యామ్ గేటు. మార్చి, ఏప్రిల్ ఎండ రోజుల్లో రంపపు పళ్లలా రోజూ ఒకసారి లేచి పడితే మంచు కరుగుతోందని అర్థం. మధ్యాహ్నం కొండ మీద కరిగిన నీరు గేజీకి రాత్రి చేరుతుంది, కాబట్టి ఏ పూట నీరు తక్కువో ఆ పళ్లు చూసి లెక్కగట్టొచ్చు. ఉన్నట్టుండి గీత పాతాళానికి పడినా, ఆకాశానికి ఎగిరినా, మాయమైనా నదిని అనుమానించకండి, గేజీలో ఐసు పట్టి ఉండొచ్చు. ఈ అంకెలు తాత్కాలికమని, తర్వాత సవరిస్తామని యూఎస్‌జీఎస్ వాళ్లే పేజీలో రాస్తారు.

ఇంకో తిరకాసు ఏమిటంటే గేజీ ఉన్న చోట మీరు ఉండరు. గేజీకి 20 మైళ్ల దిగువన గాలం వేస్తున్నారనుకోండి. వరద గంటకు 4 మైళ్లు సాగితే, గేజీలో ఉదయం 6 గంటలకు కనిపించిన శిఖరం మీ దగ్గరకు 11 గంటలకు వస్తుంది. గ్రాఫ్ దిగుతోందని ధీమాగా నిలబడితే మీ కాళ్ల కింద నీరు పెరుగుతుంటుంది. మధ్యలో కలిసే ఉపనదులు గేజీకి తెలియవు, అదీ కలుపుకోవాలి.

అంకెలు పూర్తిగా పనికిరానివని కాదు. స్కైకోమిష్‌కు గోల్డ్ బార్ గేజీ దగ్గర 2,000 నుంచి 4,000 క్యూసెక్కులు, హోకు హైవే 101 గేజీ దగ్గర సుమారు 3,000 లోపు, విల్సన్‌కు టిలమూక్ గేజీ దగ్గర 5 అడుగులకు అటూ ఇటూ అని అక్కడి వేటగాళ్లు లెక్క పెట్టుకుంటారు. వీటిని మొదలుపెట్టడానికి వాడండి. అదే తేదీకి ఏళ్ల తరబడి నమోదైన మధ్యస్థ ప్రవాహాన్ని కూడా యూఎస్‌జీఎస్ చూపిస్తుంది. తెలియని నదికి వెళ్తుంటే ఆ మధ్యస్థానికి కొంచెం పైన ఉండి, దిగుతూ ఉన్న నీరు మంచి బేరం.

5. ఒడ్డుకు చేరాక: పది నిమిషాల కొలతలు

గాలం కట్టకముందే ఇవి చేయండి.

నీటి అంచున ఒక తెల్లరాయి సరిగ్గా తడి గీత మీద పెట్టండి. అరగంటకోసారి చూడండి. రాయి పొడి నేల మీద మిగిలితే తీస్తోంది. అరగంటలో అంగుళం మునిగితే మీరు రోడ్డు వైపు ఒడ్డున ఉన్నారో, మధ్య మేట మీద ఉన్నారో వెంటనే చూసుకోండి.

తర్వాత చూపు లోతు. ఊతకర్రకు ప్రతి 6 అంగుళాలకూ తెల్ల టేపు చుట్టి ఉంచండి, నీళ్లలో నిలువుగా దించి ఎన్ని పట్టీలు కనిపిస్తున్నాయో లెక్కించండి. కర్ర లేకపోతే మీ బూటే కొలబద్ద. మోకాలి లోతులో నిలబడి బూటు కొస కనిపిస్తే అడుగున్నర చూపు, ఇది కనీస అర్హత. తొడ లోతులో కూడా కనిపిస్తే రెండున్నర, మూడు అడుగులు, బ్రహ్మాండమైన రోజు. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని, నీడలో కాకుండా వెలుతురులో చూడండి. ఒడ్డు మీద నుంచి చూసి తేల్చొద్దు, పైనుంచి చూస్తే మబ్బు రోజున తేట నీరు కూడా మురికిగా కనిపిస్తుంది.

రంగుల్లో తేడా తెలియాలి. పాలు పోసిన కాఫీ రంగైతే ఇంటికి వెళ్లండి. పాలు లేని టీ రంగైతే భయం లేదు, అది అడవి ఆకుల సారం, మట్టి కాదు, చూపు బాగానే ఉంటుంది. బూడిద కలిపిన పాల రంగు హిమానీనదాల రాతిపిండి. దాన్లో ఒకటిన్నర అడుగు చూపున్నా చేప పడుతుంది. అందరూ కోరుకునేది పాత గాజుసీసా ఆకుపచ్చ, అంచున తేటగా ఉండి లోతుకు వెళ్లేకొద్దీ నేల కనపడకుండా పోయే నీరు. అడుగు లోపే చూపుంటే ఎంత ఖరీదైన ఎరా పనిచేయదు.

ఉష్ణోగ్రత చివర కొలుస్తారు, కానీ తక్కువ విషయం కాదు. థర్మామీటర్‌ను దారానికి కట్టి, పారే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచండి. అంచున ఆగిన నీటిలో పెడితే తప్పుడు అంకె వస్తుంది. 43 నుంచి 48 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో చేప ఎర కోసం కదిలి వస్తుంది. 38 నుంచి 42లో రెండు మూడు అడుగులకు మించి కదలదు. 38 కంటే కిందకు పోతే దాదాపు మూతి ముందు నుంచి మెల్లగా పంపాలి. అంకెతో పాటు దిశ కూడా చూడండి: నిలకడగా 40 ఉన్న నది, నిన్న 45 ఉండి ఇవాళ 40కి పడిపోయిన నదికన్నా మేలు. కొండ మీద మంచు కరిగి చల్లటి నీరు దిగిన రోజు చేప నోరు తెరవదు. గట్టి చలి రోజుల్లో తెల్లవారకముందే వెళ్లి వణకనక్కర్లేదు, ఉదయం 11 నుంచి 3 దాకా నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కే వేళే మంచిది.

6. కొలతను బట్టి ఎక్కడ, ఏది వెయ్యాలి

నీరు ఎక్కువ, చూపు అడుగున్నర: చేప నడిమధ్య ఉండదు. ఒడ్డుకు 10 అడుగుల లోపే, రెండు నాలుగు అడుగుల లోతులో, నెమ్మదిగా పారే చోట ఉంటుంది. వచ్చీ రాగానే నీళ్లలో దిగేవాళ్లు చేపలు ఉన్న చోటనే తొక్కుకుంటూ పోతారు. ఒడ్డున నిలబడి మొదటి గాలం మీ కాళ్ల దగ్గరే వేయండి. వంపు లోపలి వైపు, పెద్ద బండ వెనుక, ఉధృతమైన వడి దాటిన వెంటనే నీరు పలచబడే చోటు చూడండి. వడి ఎక్కి అలసిన చేప అక్కడే ఆగుతుంది. నారింజ, గులాబీ రంగుల పెద్ద ఎర, 12 నుంచి 15 పౌన్ల బరువు తట్టుకునే లీడరు, అంటే గాలానికి కట్టే చివరి దారం, వేయండి. గుడ్ల ఎర వాసన ఈ నీటిలో బాగా పనిచేస్తుంది, అయితే చాలా నదుల్లో గుడ్ల లాంటి సహజ ఎర నిషిద్ధం, నిబంధన చూసుకోండి.

నీరు మధ్యస్థం, చూపు మూడు నుంచి ఐదు అడుగులు: మనిషి మామూలుగా నడిచే వేగంతో పారే, నాలుగు నుంచి ఎనిమిది అడుగుల లోతు నీరు వెతకండి. వేగం కొలవడం తేలిక. ఒడ్డున 20 అడుగులు కొలిచి పుల్ల విసరండి, 5 నుంచి 7 సెకన్లలో దాటితే సరిపోయినట్టే. వడి నీరూ నెమ్మది నీరూ ఒరుసుకునే గీత వెంట బెండు వదలండి. బెండు కింద జిగ్‌ను (సీసపు తల ఉన్న గాలాన్ని) నేలకు అడుగు పైన తేలేలా కట్టాలి. బెండు పక్కనున్న నురగతో సమానంగా సాగాలి. నురగను దాటిపోతుంటే దారం లాగుతోందన్నమాట, పైన ఉన్న దారాన్ని ఎత్తి వెనక్కి వేయండి. సీసం గుండుతో నేల వెంట పంపేవాళ్లకు రెండు మూడు సెకన్లకోసారి రాయి తగిలినట్టు తెలియాలి. ఎడతెగకుండా గీరుకుంటే బరువు తగ్గించండి, అసలు తగలకపోతే పెంచండి. చేప పడట్లేదని ఎర మార్చేవాళ్లు ఎక్కువ. మార్చాల్సింది చాలాసార్లు బరువే.

నీరు తక్కువ, చూపు ఆరడుగులు దాటింది: చేప లోతు మడుగులో అయినా ఉంటుంది, లేదా పైన అలలు చెదిరి తనను దాచే గులకరాళ్ల వడిలో అయినా ఉంటుంది. రెండోదాన్ని చాలామంది దాటేస్తారు, పట్టగలిగే చేప అక్కడే ఎక్కువ. చేప గుడ్డును పోలిన 8 లేదా 10 మిల్లీమీటర్ల పూస, సన్నటి జిగ్, 6 నుంచి 8 పౌన్ల పొడవైన లీడరు వాడండి. ఒడ్డుకు దూరంగా, వంగి, దిగువ నుంచి రండి. తెల్లవారిన మొదటి గంటే దాదాపు రోజంతటి విలువ.

ఫిబ్రవరి తర్వాత పలుచటి నీటిలో గులకరాళ్ల మీద కోలగా, చుట్టూ నాచు పట్టి మధ్యలో మాత్రం శుభ్రంగా మెరిసే గుంట కనిపిస్తే అది స్టీల్‌హెడ్ గుడ్లు పెట్టిన గూడు. దాని మీద కాలు పెట్టొద్దు, దాని పక్కన నిలిచిన చేపకు గాలం వేయొద్దు. ఒక్క బూటు అడుగుకు వందల గుడ్లు నలిగిపోతాయి, మళ్లీ ఏళ్ల తర్వాత రావాల్సిన చేపలవి.

7. నీళ్లలో దిగేముందు గుణకారం

నదుల ప్రవాహం కొలిచే యూఎస్‌జీఎస్ సిబ్బంది ఒక లెక్క వాడతారు: లోతు అడుగుల్లో, వేగం సెకనుకు అడుగుల్లో, రెంటినీ గుణిస్తే 10 వస్తే దిగకూడదు. వాళ్లు శిక్షణ పొందినవాళ్లు, లైఫ్ జాకెట్ వేసుకుని దిగేవాళ్లు. చేపల కోసం వెళ్లేవాళ్లు 6 దగ్గరే ఆగాలి. 20 అడుగులు 5 సెకన్లలో దాటిన పుల్ల సెకనుకు 4 అడుగులు. రెండడుగుల లోతులో గుణిస్తే 8. అంటే మోకాలు దాటిన లోతే ప్రమాదం. చూడ్డానికి మామూలు నీరే, అక్కడే మనుషులు పోతున్నారు.

ఈ నీళ్లు 40 డిగ్రీల ఫారెన్‌హీట్. పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది, నోట్లో నీళ్లు పోకుండా ఆ నిమిషం గడపడమే పని. తర్వాత చేతులు కాళ్లు మాట వినేది దాదాపు పది నిమిషాలే. వేడర్లకు (నీళ్లలో దిగడానికి ఛాతీ దాకా వేసుకునే దుస్తులకు) నడుం బెల్టు బిగించి కట్టండి, గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్ వేసుకోండి, ఒంటరిగా నది దాటొద్దు. కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకు పెట్టి, కాలి వేళ్లు నీటి పైకి ఉంచి ఒడ్డు వైపు చేతులతో ఈదండి. వడిలో నిలబడే ప్రయత్నం చేస్తే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. అన్నిటికన్నా భయంకరమైనవి ఒడ్డు నుంచి నీళ్లలోకి వాలిన చెట్లు. నీరు కొమ్మల్లోంచి వెళ్లిపోతుంది, మనిషి వెళ్లడు. వాటి ఎగువన దిగకండి. ఈత వచ్చు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. అమెరికా జలాశయాల్లో, జలపాతాల దగ్గర మన పిల్లలు పోయిన వార్తలు చదివి చదివి గుండె బరువెక్కింది. ఒక చేప కోసం ఆ జాబితా పెరగకూడదు.

8. పుస్తకంలో రాసుకోవాల్సినవి

చేప పడినా పడకపోయినా ప్రతిసారీ ఇవి రాయండి: తేదీ, గేజీ పేరు, వెళ్లినప్పటి క్యూసెక్కులు, అడుగులు, శిఖరం దాటి ఎన్ని గంటలైంది, గత 24 గంటల్లో ఎంత శాతం తగ్గింది, చూపు లోతు, నీటి ఉష్ణోగ్రత, గడ్డకట్టే ఎత్తు, ఏ చోట నిలబడ్డారు. కార్లోంచి దిగకుండానే వెనక్కి తిరిగిన రోజులు కూడా రాయాలి. ఏ అంకెకు నది పనికిరాదో తెలిసేది ఆ పేజీల్లోనే. ఒకే నది మీద పది పేజీలు నిండేసరికి దానికి శిఖరం తర్వాత 48 గంటలు కావాలో, 90 గంటలు కావాలో తేలిపోతుంది.

అడుగుల కన్నా క్యూసెక్కులను నమ్ముకోండి. పెద్ద వరద తర్వాత నది గర్భం కోసుకుపోవడమో మేట వేయడమో జరుగుతుంది, అప్పుడు నిరుటి 5 అడుగులకూ ఈ ఏటి 5 అడుగులకూ పారే నీరు ఒకటి కాదు. యూఎస్‌జీఎస్ సిబ్బంది మళ్లీ కొలిచి క్యూసెక్కుల లెక్కను సవరిస్తారు, మట్టం అంకె మాత్రం అలాగే ఉంటుంది. నవంబరు, డిసెంబరు వరదలు పోయాక మీ నది దగ్గరకు ఒకసారి గాలం లేకుండా వెళ్లి, కిందటేడు నిలబడిన చోట్లు ఇంకా ఉన్నాయో లేవో నడిచి చూసుకుని, పుస్తకంలో పాత చోటు కొట్టేసి కొత్తది రాసుకోండి.